పైథాన్ 3.15 బీటా: ఇప్పుడే వేసుకోవాలా, ఆగాలా, 3.14 మీదే ఉండాలా?

ఏటా మే నెలలో, గోదావరి కాలువలు కట్టేసి పూడిక తీయించే రోజుల్లో, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్‌కు తొలి బీటా, అంటే తుది విడుదలకు ముందు పరీక్షకిచ్చే ప్రతి, వెలువడుతుంది. సార్వా చేలు కోతకు దగ్గరపడే అక్టోబరులో అసలు విడుదల వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అయిదు నెలల్లో భీమవరం, కాకినాడ కళాశాలల విద్యార్థులూ, రొయ్యల చెరువులకూ రైస్ మిల్లులకూ చిన్న చిన్న లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టే నావంటి వాళ్లూ తమలో తాము తర్కించుకునే ప్రశ్న ఒకటే: బీటాను ఇప్పుడే తెచ్చుకోవాలా, తుది విడుదల దాకా ఆగాలా, లేక ఉన్న 3.14నో 3.13నో కదల్చకుండా ఉంచాలా?

3.15 విషయంలో ఈ ప్రశ్నకు మామూలు కన్నా ఎక్కువ బరువు ఉంది. తెలుగులో ఫైళ్లు రాసి దాచుకునే వాళ్లను నేరుగా తాకే మార్పు ఒకటి ఇందులో ఉంది. అది కొందరి పాత కష్టాన్ని తీరుస్తుంది, మరికొందరి పాత ఫైళ్లను చదవకుండా ఆపుతుంది. అందువల్ల ఎవరు ఏ దారి పట్టాలో చెప్పేముందు, ఆ ఎంపికను తేల్చే కొలతలు ఏవో చూద్దాం.

బీటా అంటే ఏ దశ

పైథాన్ 3.9 నుంచి ఏడాదికి ఒక కొత్త వెర్షన్ అనే పద్ధతి అమల్లో ఉంది. ముందు ఆల్ఫా దశ, అందులో కొత్త సదుపాయాలు చేరుతూ ఉంటాయి. తొలి బీటాతో ఆ తలుపు మూసుకుంటుంది: అక్కడి నుంచి కొత్త సదుపాయం చేరదు, తప్పుల దిద్దుబాటు మాత్రమే జరుగుతుంది. మామూలుగా నాలుగు బీటాలు వస్తాయి. ఆ తరువాత తుది పరీక్ష ప్రతులు, అంటే అందరూ ఆర్‌సీ అని పిలిచేవి, ఆపైన అక్టోబరులో అసలు విడుదల.

మన ప్రాంతంలో ఈ దశను వివరించడానికి నేను మారుటేరు వరి పరిశోధన స్థానం మినీకిట్లను గుర్తుచేస్తాను. కొత్త వంగడానికి పేరు పెట్టి విడుదల చేసేముందు చిన్న సంచుల్లో విత్తనం రైతుకిచ్చి పొలంలో పరీక్షిస్తారు. ఆ సంచి అందుకున్న రైతు దాన్ని ఒక మడిలో చల్లుకుంటాడు. మిగతా చేలో తనకు తెలిసిన స్వర్ణే వేస్తాడు. బీటాను వాడవలసిన తీరు సరిగ్గా అదే. తేడా ఒక్కటి: మినీకిట్ మడిని చూడటానికి శాస్త్రవేత్తలు వస్తారు, బీటా మన యంత్రంలో ఎలా నడిచిందో మనమే రాసి పంపితే తప్ప అవతలివాళ్లకు తెలియదు.

ఆ రాసి పంపిన మాటకు విలువ ఉందా అని అనుమానించేవారికి 3.13 చరిత్ర చాలు. అది 2024 అక్టోబరు 1న రావలసింది. మెమొరీలో పనికిరాని వస్తువులను ఏరివేసే వ్యవస్థకు ఆ వెర్షన్‌లో కొత్త పద్ధతి పెట్టారు. దానివల్ల కొన్ని ప్రోగ్రాములు నెమ్మదించాయని పరీక్షించినవారు చెప్పడంతో, చివరి వారంలో ఆ మార్పును వెనక్కు తీసుకుని, మరో ఆర్‌సీ విడుదల చేసి, అసలు విడుదలను అక్టోబరు 7కు జరిపారు. విడుదల తరువాత అదే ఫిర్యాదు వచ్చి ఉంటే ప్రతి ఇంటి యంత్రంలోనూ ఆ నెమ్మది చేరి ఉండేది.

ఎంపికను తేల్చే కొలతలు

మొదటిదీ ముఖ్యమైనదీ, ప్రోగ్రాము ఆగితే నష్టం ఎవరిది అనేది. నా సొంత సాధన ప్రోగ్రాము ఆగితే ఒక సాయంత్రం పోతుంది. చెరువు పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) లెక్క ఆగితే రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య తూకం దగ్గర మాట పెరుగుతుంది. కొత్తదా పాతదా అనే ప్రశ్నకన్నా ఈ ప్రశ్నను ముందు వేసుకోవాలి.

రెండోది, మీరు ఆధారపడే లైబ్రరీలు. కేవలం పైథాన్‌లోనే రాసిన లైబ్రరీ బీటాలోనూ చాలావరకు నడుస్తుంది. సీ భాషలో రాసిన భాగం ఉన్న లైబ్రరీల సంగతి వేరు. అవి ప్రతి పైథాన్ వెర్షన్‌కూ విడిగా కంపైల్ చేసిన వీల్ ఫైళ్లుగా వస్తాయి. బీటా దశలో పైథాన్ లోపలి నిర్మాణం ఇంకా మారవచ్చు కాబట్టి, తొలి ఆర్‌సీతో ఆ నిర్మాణం ఖాయమయ్యేదాకా చాలామంది వీల్ ఫైళ్లు విడుదల చేయరు. వీల్ దొరకకపోతే, లైబ్రరీలను తెచ్చి వేసే పిప్ అనే పనిముట్టు సోర్సు కోడ్ దించుకుని మీ యంత్రంలోనే కంపైల్ చేయడానికి పూనుకుంటుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చిన విషయం. 3.14 బీటా వచ్చిన రోజుల్లో, ఒక చెరువు పట్టుబడికి ముందు రోజు సాయంత్రం, రోజూ వాడే ల్యాప్‌టాప్‌లోనే బీటా వేసి, పాతదాన్ని తీసేశాను. సంఖ్యల లెక్కకు వాడే పెద్ద లైబ్రరీ ఒకటి దానికి సిద్ధంగా లేదు. పిప్ చాలాసేపు కంపైల్ చేయబోయి, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 లేదా అంతకు మించినది కావాలన్న ఎర్ర వాక్యంతో ఆగిపోయింది. ఆ కంపైలర్ కొన్ని జీబీల దిగుమతి. ఆ రాత్రి ఊళ్లో ఉన్న నెట్‌కు అది తెల్లవారేలోగా అయ్యే పని కాదు. మరునాడు చెరువు గట్టున నమూనా రొయ్యలను తూచి, కిలోకు ఎన్ని వచ్చాయో నోటు పుస్తకంలో చేత్తో రాసుకుంటూ గడిపాను. లెక్క తప్పలేదు గాని, ట్రేలు వస్తున్న వేగానికి నా చెయ్యి అందుకోలేక రెండుసార్లు తూకం ఆపించవలసి వచ్చింది. ఎండలో మంచు కరుగుతుంటే సరుకు దగ్గర జనాన్ని నిలబెట్టడం చిన్న తప్పు కాదు. బీటాలో లోపం లేదు. దాన్ని ఉంచకూడని చోట ఉంచాను.

మూడో కొలత మద్దతు కాలం. ప్రతి వెర్షన్‌కూ విడుదలైన నాటి నుంచి అయిదేళ్లు సవరణలు వస్తాయి, వాటిలో చివరి మూడేళ్లు (3.12, అంతకు ముందువాటికి మూడున్నరేళ్లు) భద్రతకు సంబంధించినవి మాత్రమే. ఆ లెక్కన 3.10కి 2026 అక్టోబరుతో, 3.12కు 2028తో, 3.13కు 2029తో, 3.14కు 2030తో గడువు ముగుస్తుంది.

నాలుగోది తెలుగు పాఠం. దీనికి విడిగా చోటు కావాలి.

భీమవరం చెదిరింది, తణుకు ఆగింది

సరుకు ఎక్కడెక్కడికి వెళ్లిందో ఊళ్ల పేర్లతో తెలుగులో రాసుకునే ఒక గుమస్తాగారు ఒక రోజు ఫోన్ చేశారు. "ఏం బాబూ, భీమవరం పేరు పిచ్చి గీతల్లా పడింది. తణుకు దగ్గరకొచ్చేసరికి మొత్తం ఆగిపోయిందేంటి?" "రెంటికీ జబ్బు ఒకటేనండి బాబాయ్ గారూ" అన్నాను గాని, ఒకటే జబ్బు రెండు రకాలుగా ఎందుకు కనబడిందో నాకూ అప్పటికి తెలియదు. కూర్చుని బైట్లు లెక్కబెట్టాక తెలిసింది. ఇది తెలుగులో రాసుకునేవారికి సూటిగా తగులుతుంది కాబట్టి వివరంగా చెబుతాను.

విండోస్‌లోని నోట్‌ప్యాడ్ 2019 నుంచి ఫైళ్లను యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తోంది. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు: మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది ఆ గుర్తును బట్టి మారుతుంది. పైథాన్ 3.14 వరకు, విండోస్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచిన పద్ధతి) ఏదో చెప్పకుండా ఫైలు తెరిస్తే, యంత్రపు పాత కోడ్ పట్టిక ప్రకారం చదువుతుంది. మన దగ్గర ఇంగ్లీషు అమరికతో అమ్మే యంత్రాల్లో ఆ పట్టిక సీపీ1252. అది ఒక్కో బైటుకు ఒక్కో యూరోపియన్ అక్షరం ఇస్తుంది. కాని 129, 141, 143, 144, 157 అనే అయిదు సంఖ్యలకు పైథాన్ వాడే ఆ పట్టికలో ఏ అక్షరమూ లేదు.

ఇప్పుడు తెలుగు గుర్తుల మూడో బైటు చూడండి. కొమ్ముకు 129. ఒత్తులను కలిపే పొల్లుకు 141. ఏ అక్షరానికి 143, ఐకి 144, ఝకు 157. అంటే కొమ్ముగాని ఒత్తుగాని ఉన్న మాట వచ్చిన చోట పైథాన్ చదవలేక దోష సందేశంతో ఆగుతుంది. తణుకు, పాలకొల్లు, అమలాపురం, నరసాపురం, రావులపాలెం అన్నీ అలా ఆగేవే. భీమవరం, కాకినాడ, ఆచంట, గోదావరి అనే మాటల్లో ఆ అయిదు సంఖ్యలూ లేవు. అవి ఆగకుండా, ఏ హెచ్చరికా లేకుండా, నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన చాలాసార్లు డిగ్రీ గుర్తు, ఆపైన మరో గుర్తు, మళ్లీ అదే రోమన్ అక్షరం అనే వరుసగా మారిపోతాయి. ఆ డిగ్రీ గుర్తు మరేదో కాదు, తెలుగు అక్షరపు రెండో బైటైన 176.

ఈ రెండింటిలో ఆగిపోవడమే మేలని నా అభిప్రాయం. ఆగితే సరిచేస్తాం. చెదిరిన భీమవరం మాత్రం అలాగే మరో ఫైలులోకి చేరి, ఆరు నెలల తరువాత చిట్టాలో బయటపడుతుంది.

3.15 ఈ మూలాన్ని మారుస్తుంది. పెప్ 686 అనే ప్రతిపాదన ప్రకారం, ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఇకపై యూటీఎఫ్-8 అనే అర్థం తీసుకుంటుంది. గుమస్తాగారి ఫైలు ఏ మార్పూ లేకుండా చదవబడుతుంది. తెలుగులో పని చేసేవారు ఆనందించవలసిన మార్పు ఇది, నేనూ ఆనందిస్తున్నాను.

కాని దీనికి రెండో వైపు ఉంది. ఇన్నాళ్లూ విండోస్‌లో పాత పైథాన్‌తో రాసిన ఫైళ్లు సీపీ1252లో ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉంటే చిక్కు లేదు, రెండు పద్ధతుల్లోనూ అవి ఒకటే. చెరువు నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలని డిగ్రీ గుర్తుతో రాసి ఉంటే, లేదా మిల్లు చిట్టాలో అర బస్తాకు అర గుర్తు వాడి ఉంటే, ఆ గుర్తు ఒక్క బైటుగా ఉంటుంది: డిగ్రీకి 176, అరకు 189. ఒంటరిగా నిలిచిన ఆ బైటుకు యూటీఎఫ్-8లో అర్థం లేదు. ఫలితంగా నిన్నటిదాకా చక్కగా నడిచిన ఉష్ణోగ్రతల ఫైలు 3.15లో మొదటి డిగ్రీ గుర్తు దగ్గరే ఆగుతుంది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా భద్రపరచిన ఫైళ్లను ప్రత్యేకంగా చూసుకోవాలి. మామూలు సీఎస్‌వీ పాత పట్టికలో వస్తుంది. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఎంచుకుంటే ఫైలు మొదట్లో కనబడని గుర్తు ఒకటి చేరుతుంది, అది మొదటి నిలువు వరుస పేరుకు అంటుకుని, ఆ పేరుతో వెతికితే దొరకకుండా చేస్తుంది. 3.15 దాన్ని తనంతట తాను తీసేయదు. అటువంటి ఫైలుకు యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ పేరు చెప్పాలి.

ఇక ఎంపికను మలుపు తిప్పే మాట. ఈ మంచినీ ఈ చెడునూ చూడటానికి బీటా అక్కరలేదు. యూటీఎఫ్-8 మోడ్ అనేది పైథాన్ 3.7 నుంచీ ఉంది. పైథాన్‌యూటీఎఫ్8 (PYTHONUTF8) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని విలువ ఇస్తే మీ 3.13 గాని 3.14 గాని 3.15 ప్రవర్తించబోయే తీరులోనే ఫైళ్లు తెరుస్తుంది. అదే వేరియబుల్‌కు 0 ఇస్తే 3.15 పాత తీరుకు వెళుతుంది. 3.10 నుంచి మరో సాయం ఉంది: ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిచిన ప్రతి చోటా హెచ్చరించమని పైథాన్‌ను కోరవచ్చు. ఆ హెచ్చరికలు చూపిన ప్రతి వరుసలో యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాస్తే, ఆ ప్రోగ్రాము ఏ వెర్షన్‌లోనైనా, ఏ యంత్రంలోనైనా ఒకే తీరుగా నడుస్తుంది. కాబట్టి తెలుగు కోసమే బీటాకు వెళ్లాలనుకునేవారు వెళ్లనవసరం లేదు.

నాలుగు దారులు

*3.15 బీటా.* యూటీఎఫ్-8 మార్పు కాక ఇందులో నాకు ఆసక్తి కలిగించినవి రెండు. ఒకటి లేజీ ఇంపోర్ట్: లైబ్రరీని పేర్కొన్నా, దాన్ని నిజంగా వాడే క్షణం దాకా మెమొరీలోకి తేకుండా ఉంచే కొత్త వాక్యం. గ్రాఫు గీసే పెద్ద లైబ్రరీని నెలకోసారి వాడుతూ, దానికోసం ప్రతి పూటా ప్రోగ్రాము మొదలవడానికి వేచి ఉండే చిన్న యంత్రాల్లో దీని మేలు తెలుస్తుంది. రెండోది, నడుస్తున్న ప్రోగ్రాము ఎక్కడ సమయం తీసుకుంటోందో దాన్ని ఆపకుండా చూపే కొత్త ప్రొఫైలర్. బీటా తరువాత కొత్తవి చేరవు గాని, ఉన్నవాటి వివరాలు మారవచ్చు, ఏదైనా వెనక్కు కూడా పోవచ్చు. పైథాన్ బృందమే దీన్ని నిత్య వాడకానికి వద్దని చెబుతుంది.

*ఆర్‌సీ దాకా ఆగడం.* చాలామంది ఈ దారిని పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. అప్పటికి లోపలి నిర్మాణం ఖాయమవుతుంది, పెద్ద లైబ్రరీల వీల్ ఫైళ్లు ఒక్కటొక్కటిగా రావడం మొదలవుతుంది, మీకు దొరికిన తప్పును దిద్దడానికి ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. కాని సదుపాయం రూపమే బాగాలేదని చెప్పదలిస్తే మాత్రం అప్పటికి ఆలస్యం. ఆ మాట బీటాలోనే చెప్పాలి.

*3.14.* 2025 అక్టోబరు 7న వచ్చింది. కొత్తగా మొదలుపెట్టే ఏ పనికైనా నేను దీన్నే చెబుతాను. టైపు సూచనలను అవసరమైనప్పుడే లెక్కించడం, టెంప్లేట్ స్ట్రింగులు, జీస్టాండర్డ్ కుదింపు దీనిలో చేరాయి. అనేక కోర్లను ఒకేసారి వాడుకోవడానికి అడ్డుగా ఉన్న తాళం లేని ప్రత్యేక నిర్మాణం 3.13లో ప్రయోగంగా ఉండేది, 3.14లో దానికి అధికారిక మద్దతు వచ్చింది. అయినా అది మామూలు పైథాన్ కాదు, విడిగా ఎంచుకుని వేసుకోవాలి. వైల్ (while) అనే మాటలో ఒక అక్షరం ఎక్కువ పడితే మీరు రాయదలచినది ఇదేనా అని అడిగే దోష సందేశాలు నేర్చుకునేవారికి వరం.

*3.13, 3.12.* ఇవి నడుస్తున్న చోట, నడవనివ్వండి. 3.12కు ఇప్పుడు భద్రతా సవరణలు మాత్రమే, అవీ సోర్సు రూపంలోనే వస్తున్నాయి. విండోస్ ఇన్‌స్టాలర్లు 3.12.10తో ఆగాయి. ఉబుంటు 24.04లో వచ్చే 3.12కు మాత్రం ఉబుంటు వారే సవరణలు ఇస్తారు కనుక కళాశాల ల్యాబుల్లో దాన్ని మార్చే తొందర లేదు. ఇంకా వెనక ఉన్నవారికి ఒక హెచ్చరిక: 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ పోయింది, 3.13లో సీజీఐ సహా 19 పాత మాడ్యూళ్లు పోయాయి. 3.11 నుంచి నేరుగా పైకి దూకే పాత ప్రోగ్రాములు బీటా వల్ల కాక ఈ తొలగింపుల వల్ల ఆగుతాయి, తప్పు మాత్రం బీటా మీద పడుతుంది.

| ఎంపిక | లైబ్రరీల లభ్యత | ఫైళ్ల ఎన్‌కోడింగ్, విండోస్‌లో | సవరణలు ఎప్పటి దాకా | తగిన చోటు |
|---|---|---|---|---|
| 3.15 బీటా | కంపైల్ చేసినవి తక్కువ | యూటీఎఫ్-8 | తుది విడుదల వచ్చేదాకా | విడి ఫోల్డరు, పరీక్ష |
| 3.15 ఆర్‌సీ | పెరుగుతూ ఉంటాయి | యూటీఎఫ్-8 | తుది విడుదల వచ్చేదాకా | ప్రాజెక్టు నకలు మీద పరీక్ష |
| 3.14 | దాదాపు అన్నీ | పాత పట్టిక, మోడ్ పెడితే యూటీఎఫ్-8 | 2030 అక్టోబరు | కొత్త పనులు |
| 3.13 | అన్నీ | పాత పట్టిక, మోడ్ పెడితే యూటీఎఫ్-8 | 2029 అక్టోబరు | నడుస్తున్న పనులు |

ఎవరికి ఏది

ఇంజనీరింగ్ విద్యార్థులకు 3.14 చెబుతాను. పాఠ్య పుస్తకాలూ పరీక్షలూ ఇంకా పాత వెర్షన్ల మీదే ఉంటాయి కాబట్టి 3.13 ఉన్నా నష్టం లేదు. అయితే మూడో ఏడాది, నాలుగో ఏడాది వాళ్లలో ఓపెన్ సోర్స్‌లో చేయి పెట్టాలనుకునేవారు వేసవి సెలవుల్లో బీటాను విడిగా వేసుకుని, తమకు ఇష్టమైన చిన్న లైబ్రరీ పరీక్షలను దాని మీద నడిపి చూడటం మంచి సాధన. ఒక పరీక్ష ఎందుకు తప్పిందో వెతికి, పది వరుసల్లో ఆ తప్పును మళ్లీ చూపగలిగితే, దాన్ని పంపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ల్యాబు నడిపే అధ్యాపకులు విద్యా సంవత్సరం మధ్యలో దేన్నీ మార్చవద్దు. వారి సమస్య మరొకటి: ల్యాబులో ఉబుంటు, విద్యార్థి ఇంట్లో విండోస్. ఉబుంటులో ఎప్పటి నుంచో యూటీఎఫ్-8 ఉన్నందువల్ల తెలుగు ఫైలు ల్యాబులో నడుస్తుంది, ఇంట్లో ఆగుతుంది, పిల్లవాడు తన తప్పేమో అనుకుంటాడు. ఫైలు తెరిచే మొదటి పాఠంలోనే ఎన్‌కోడింగ్ రాయించడం అలవాటు చేస్తే ఏ వెర్షన్ ఉన్నా ఈ కష్టం ఉండదు.

చెరువుల లెక్కలు చూసేవారి మీద నాకు పట్టింపు ఎక్కువ. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, మేత, అది ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే గమనికలు రాత్రిపూట కూడా నమోదవుతాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో ఆ అంకెలే చెబుతాయి. అక్కడి యంత్రంలో 3.13 గాని 3.14 గాని ఉంచి, బీటా పేరు కూడా ఎత్తవద్దు. చేయవలసింది ఒకటే: ఆ ఫైళ్ల నకలు ఒకటి ఇంటికి తెచ్చుకుని, యూటీఎఫ్-8 మోడ్ పెట్టి చదివించి చూడండి. డిగ్రీ గుర్తుల దగ్గర ఆగిన ఫైళ్లను సీపీ1252గా ఒక్కసారి చదివి, యూటీఎఫ్-8గా తిరిగి రాసి పెట్టుకోండి. ఇది ఒక పూట పని, కొత్త వెర్షన్ ఎప్పుడు వేసినా మళ్లీ చేయనక్కరలేదు.

మిల్లుల వారికి అసలు చిక్కు నెలల్లో ఉంది. బీటా వచ్చే మే నెలలో దాళ్వా ధాన్యం మిల్లుకు చేరుతూ ఉంటుంది. తుది విడుదల వచ్చాక నెల తిరిగేసరికి సార్వా కోతలు, ఆపైన సంక్రాంతి దాకా లారీలు బారులు తీరి ఉంటాయి. ఈ రెండు కాలాల్లోనూ బిల్లుల యంత్రాన్ని ముట్టుకోకూడదు. 3.13 విషయంలో మొదటి సవరణ 2024 డిసెంబరులో, రెండోది 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ఆ ఒరవడిని బట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు మిల్లుకు అనువైనవి: అప్పటికి కొత్త వెర్షన్ తొలి తప్పులు దిద్దబడి ఉంటాయి, మిల్లులోనూ ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. విండోస్ 7 నడుస్తున్న పాత యంత్రాల వారికి ఈ చర్చ వర్తించదు; 3.9 నుంచే పైథాన్ దానిమీద నడవదు, ముందు యంత్రం సంగతి చూసుకోవాలి.

లైబ్రరీ రాసి నలుగురికీ ఇచ్చినవారు మాత్రం బీటాను తప్పించుకోకూడదు. మీ లైబ్రరీ మీద ఆధారపడినవారు అక్టోబరులో మీ కోసం చూస్తారు. స్వయంచాలక పరీక్షల్లో బీటాను చేర్చండి, అది తప్పినా మిగతావి ఆగకుండా అమర్చండి. వీల్ ఫైళ్లను మాత్రం తొలి ఆర్‌సీ తరువాతే విడుదల చేయండి; బీటా మీద కట్టినది తరువాతి బీటాలో నడుస్తుందన్న హామీ లేదు. తెలుగు అకారాది క్రమం, లిప్యంతరీకరణ, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదవడం) వంటి పనిముట్లు రాసేవారు మనలో కొద్దిమందే. ఆ కొద్దిమంది చూడకపోతే తెలుగు పాఠంతో బీటాను పరీక్షించేవారు మరెవరు ఉంటారని నాకు దిగులు.

వేసుకునేవారు పాటించవలసిన క్రమం

పాతదాన్ని తీసేయకండి. రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉండగలవు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో బీటాను పాత్‌లో చేర్చే గడికి టిక్ పెట్టవద్దు. వెర్షన్ సంఖ్య చెప్పకుండా పైథాన్‌ను పిలిస్తే ఏది లేస్తుందో, బీటా వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూసుకోండి. రెండుసార్లూ ఒకటే రావాలి. ఆ తరువాత బీటాతో విడి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీలు వేరుగా ఉండే ఫోల్డరు) కట్టి, ప్రాజెక్టు నకలును అందులోకి తెచ్చుకోండి, అసలుది కాదు. పిప్‌కు వీల్ ఫైళ్లు మాత్రమే తీసుకోమని చెప్పండి. అప్పుడు దొరకని లైబ్రరీ ఏదో వెంటనే తెలుస్తుంది, కంపైలర్ కోసం రాత్రంతా కూర్చోనక్కరలేదు.

పరీక్షించడానికి మీ ఊళ్ల పేర్లే వాడండి. భీమవరం, తణుకు, ఏలూరు, ఐ.పోలవరం అని నాలుగు వరుసల ఫైలు ఒకటి, డిగ్రీ గుర్తుతో పాత పైథాన్‌తో రాసిన ఫైలు మరొకటి చాలు. మొదటిది కొమ్మునూ ఏ, ఐ అక్షరాలనూ, రెండోది పాత పట్టికనూ చూపుతాయి. ఏదైనా తప్పు కనబడితే ముందు అదే ఫైలును 3.14లో యూటీఎఫ్-8 మోడ్‌తో నడపండి. అక్కడా తప్పితే అది మీ ఫైలుది, బీటాది కాదు. 3.14లో నడిచి బీటాలో ఆగితేనే పైథాన్ గిట్‌హబ్‌లోని సమస్యల పట్టికలో రాయండి: ఏ బీటా, ఏ విండోస్, ఏ వరుస దగ్గర ఆగింది, వచ్చిన సందేశం పూర్తి పాఠం, ఆ నాలుగు వరుసల ఫైలు. తెలుగు చదవలేని వ్యక్తి దాన్ని చూస్తాడు కాబట్టి, ఆగిన అక్షరం పక్కన దాని యూనికోడ్ సంఖ్య కూడా రాసి పంపండి.